ఎక్స్-కిరణాలు

ఎక్స్-కిరణాలు లేదా క్ష-కిరణాలు విద్యుదయస్కాంత వికిరణంలో ఒక రకం. కంటికి కనిపించే కాంతి, రేడియో తరంగాలు, అతినీలలోహిత కిరణాలు ఏ కుటుంబానికి చెందినవో ఇవి కూడా ఆ కుటుంబానికే చెందినవి. వీటి తరంగదైర్ఘ్యం సుమారు 0.01 నానోమీటరు నుండి 10 నానోమీటర్ల వరకు ఉంటుంది. కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 400 నుండి 700 నానోమీటర్లు. తరంగదైర్ఘ్యం తగ్గిన కొద్దీ కిరణం మోసుకుపోయే శక్తి పెరుగుతుంది. ఆ కారణం చేతనే మామూలు కాంతికి అడ్డుపడే చర్మం, కండరం, గుడ్డ, చెక్క వంటి పదార్థాల గుండా ఎక్స్-కిరణాలు చొచ్చుకుపోగలవు.

జర్మనీ దేశపు భౌతిక శాస్త్రవేత్త విల్‌హెల్మ్ కాన్రాడ్ రాంట్‌జెన్ 1895లో ఈ కిరణాలను కనుగొన్నాడు. వీటి స్వభావం ఏమిటో అప్పటికి తెలియనందున, బీజగణితంలో తెలియని రాశికి వాడే ఎక్స్ అనే అక్షరాన్నే వీటికి పేరుగా పెట్టాడు. ఆ తెలియనితనం 1912 నాటికి చాలా వరకు తొలగిపోయింది. పేరు మాత్రం నేటికీ నిలిచి ఉన్నది.

తెలుగులో ఎక్స్-రే అనే మాట రెండు అర్థాలలో వాడుకలో ఉంది. ఒకటి కిరణం, రెండవది ఆ కిరణాలతో తీసిన చిత్రం. "ఎక్స్-రే తీయించుకోవడం" అన్నప్పుడు రెండవ అర్థమే వర్తిస్తుంది. ఈ వ్యాసంలో కిరణాలను ఎక్స్-కిరణాలు అని, చిత్రాన్ని ఎక్స్-రే అని వ్యవహరించడం జరిగింది.

ఆవిష్కరణ

పందొమ్మిదవ శతాబ్దం చివరి దశాబ్దాలలో ఐరోపా లోని పలు ప్రయోగశాలలలో కాథోడ్ కిరణాలపై పరిశోధనలు జరుగుతూ ఉండేవి. గాలిని చాలా వరకు తొలగించిన గాజు గొట్టంలో రెండు విద్యుద్ధ్రువాలను అమర్చి, వాటి మధ్య అధిక విద్యుత్ పీడనాన్ని నెలకొల్పితే ఋణధ్రువం నుండి ఒక ప్రవాహం వెలువడుతుంది. దానికే కాథోడ్ కిరణాలు అని పేరు. అవి ఎలక్ట్రాన్ల ప్రవాహమని అప్పటికి తెలియదు.

1895 నవంబరు 8న వర్ట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో రాంట్‌జెన్ అటువంటి గొట్టాన్ని నల్లని అట్టతో పూర్తిగా కప్పి, గదిని చీకటి చేసి ప్రయోగం చేస్తున్నాడు. గొట్టం నుండి కాంతి బయటికి రావడానికి వీలు లేదు. అయినా కొంత దూరంలో ఉన్న, బేరియం ప్లాటినోసైనైడ్ పూసిన తెర ఒకటి మెరవడం ఆయన గమనించాడు. కాథోడ్ కిరణాలు గాలిలో కొన్ని సెంటీమీటర్లకు మించి పోలేవు. కాబట్టి తెరను మెరిపించినది మరేదో అయి ఉండాలి.

ఆ తరువాత సుమారు ఏడు వారాల పాటు ఆయన ఈ విషయాన్ని ఎవరికీ చెప్పకుండా పరీక్షలు జరిపాడు. కాగితం, చెక్క, అల్యూమినియం రేకు, సీసం మొదలైన వాటిని ఒకదాని తరువాత ఒకటి అడ్డుపెట్టి చూశాడు. డిసెంబరు 22న తన భార్య అన్నా బెర్తా చేతిని ఛాయాచిత్ర ఫలకం మీద ఉంచి చిత్రం తీశాడు. అందులో వేళ్ళ ఎముకలు, వేలికి ఉన్న ఉంగరం స్పష్టంగా కనిపించాయి. డిసెంబరు 28న "ఒక కొత్త రకపు కిరణాల గురించి" అన్న అర్థం వచ్చే శీర్షికతో తన మొదటి పత్రాన్ని సమర్పించాడు.

ఈ కిరణాలు రాంట్‌జెన్ కంటే ముందే కొందరి ప్రయోగశాలలలో పుట్టాయి. కాథోడ్ గొట్టాల దగ్గర ఉంచిన ఛాయాచిత్ర ఫలకాలు మసకబారడం కొందరు చూశారు. అమెరికా లోని ఫిలడెల్ఫియాలో 1890లోనే గుడ్‌స్పీడ్ అనే ఆచార్యుని ప్రయోగశాలలో యాదృచ్ఛికంగా ఒక ఎక్స్-రే చిత్రం పడింది. దాని అర్థం ఆరేళ్ళ తరువాత, రాంట్‌జెన్ ప్రకటన వెలువడ్డాక గాని తెలియలేదు. కిరణాలను ముందుగా చూసినవారు ఉన్నా, అది వివరించవలసిన విషయమని గుర్తించి శోధించినవాడు రాంట్‌జెన్ కావడం వల్ల ఆవిష్కర్తగా ఆయన పేరే స్థిరపడింది.

1901లో భౌతిక శాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతిని ఆయనకే ఇచ్చారు. బహుమతి సొమ్మును ఆయన తన విశ్వవిద్యాలయానికి ఇచ్చివేశాడు. ఆవిష్కరణపై పేటెంటు తీసుకోలేదు. అందువల్ల ఎవరైనా ఈ పరికరాలను తయారు చేసుకొనే వీలు కలిగింది.

పేరు వెనుక చరిత్ర

తెలియని రాశులను ఎక్స్, వై, జడ్ అక్షరాలతో సూచించే పద్ధతిని ఫ్రాన్సు దేశపు తత్త్వవేత్త రెనె డెకార్ట్ 1637లో వెలువడిన తన జ్యామితి గ్రంథంలో వాడాడు. అది క్రమంగా ఐరోపా అంతటా వ్యాపించింది. భారతీయ బీజగణితంలో ఇదే పనికి వేరే ఏర్పాటు ఉండేది. తెలియని మొదటి రాశిని యావత్తావత్ అని, తరువాతి వాటిని కాలకము, నీలకము, పీతకము అని రంగుల పేర్లతోను పిలిచేవారు. భాస్కరాచార్యుని బీజగణితంలో ఈ పేర్లు కనిపిస్తాయి.

రాంట్‌జెన్ తన మొదటి పత్రంలో, కొత్త కిరణాలను ఇతర కిరణాల నుండి వేరు చేసి చెప్పడానికి, క్లుప్తత కోసం ఎక్స్-కిరణాలు అన్న మాటను వాడుతున్నట్లు తెలిపాడు. అది తాత్కాలికమైన పేరు. అయస్కాంతం వీటిని పక్కకు మళ్ళించడం లేదు కాబట్టి ఇవి కాథోడ్ కిరణాలు కావని ఆయనకు తెలుసు. కాంతి వలె ఇవి కటకాలలో వంగడం గాని, అద్దంపై పడి క్రమంగా పరావర్తనం చెందడం గాని ఆయనకు కనిపించలేదు. కాబట్టి మామూలు కాంతి అనడానికీ ఆధారం దొరకలేదు. పత్రం చివర ఇవి ఈథర్ అనే మాధ్యమంలో పుట్టే అనుదైర్ఘ్య కంపనాలు కావచ్చునని ఒక ఊహ చేశాడు. ఆ ఊహ తప్పని తరువాత తేలింది. కిరణాలకు ఆ ఊహను బట్టి పేరు పెట్టి ఉంటే ఆ పేరు కొద్ది ఏళ్ళలోనే మార్చవలసి వచ్చేది. తెలియనిదానిని తెలియనిదిగానే సూచించిన పేరుకు ఆ అవసరం రాలేదు.

1896 జనవరి 23న వర్ట్స్‌బర్గ్‌లో రాంట్‌జెన్ ఇచ్చిన ఉపన్యాసంలో కోలికర్ అనే వృద్ధ శరీరనిర్మాణ శాస్త్రవేత్త చేతిని అందరి ఎదుట చిత్రం తీశారు. ఈ కిరణాలను ఇకపై రాంట్‌జెన్ కిరణాలు అని పిలవాలని కోలికర్ అదే సభలో ప్రతిపాదించాడు. జర్మన్ భాషలో నేటికీ ఆ పేరే వాడుకలో ఉంది. ఇంగ్లీషులోను, దాని ద్వారా అనేక ఇతర భాషలలోను ఎక్స్ నిలిచింది. 111వ మూలకానికి 2004లో రాంట్‌జెనియం అని పేరు పెట్టడంతో ఆవిష్కర్త పేరు ఆవర్తన పట్టికలో కూడా చేరింది.

భారతీయ భాషలలో పేర్లు

భారతీయ భాషలలో ఈ కిరణాలకు పేరు పెట్టడానికి మూడు మార్గాలు కనిపిస్తాయి.

మొదటిది, ఎక్స్ అనే అక్షరాన్ని ఉన్నదున్నట్లు ఉంచడం. తెలుగులో ఎక్స్-కిరణాలు, ఎక్స్-రే అనేవి ఈ విధమైనవి. వాడుకలో ఇవే ఎక్కువ.

రెండవది, ఎక్స్ స్థానంలో దానికి ఉచ్చారణలో దగ్గరగా ఉండే భారతీయ అక్షరాన్ని ఉంచడం. ఎక్స్‌లో కకార, సకారాలు కలిసి ఉన్నాయి. కకార, షకారాల కలయిక క్ష. అందువల్ల మరాఠీలోను, కన్నడంలోను క్ష-కిరణ అనే మాట ఏర్పడింది. తెలుగులోని క్ష-కిరణాలు అన్న మాట కూడా ఇటువంటిదే. ఎక్స్ రోమను అక్షరమాల చివరలో వచ్చినట్లే, సంప్రదాయ వర్ణమాలలో క్ష కూడా చివరి అక్షరాల సరసన ఉంటుంది. క్షయ వ్యాధిని గుర్తించడంలో ఈ కిరణాలు ఉపయోగపడుతున్నా, ఆ మాటలోని క్షకు ఈ క్షకు సంబంధం లేదు. క్షయ అంటే తరుగుదల.

మూడవది, కిరణం చేసే పనిని బట్టి పేరు పెట్టడం. తమిళంలో వీటిని ఊడుకదిర్ అంటారు. లోపలికి దూసుకుపోయే కిరణం అని దాని అర్థం. ఈ పేరు వినగానే విషయం తెలుస్తుంది. అయితే గామా కిరణాలు కూడా దూసుకుపోయేవే. ఎక్స్ అన్న పేరులో ఉన్న చరిత్ర ఇందులో కనిపించదు.

స్వభావం తెలియడం

రాంట్‌జెన్ వదిలిన ప్రశ్నకు 1912లో సమాధానం దొరికింది. మాక్స్ ఫాన్ లావే సూచనపై ఫ్రీడ్రిక్, నిపింగ్ అనే ఇద్దరు యువ శాస్త్రవేత్తలు మ్యూనిక్‌లో ఎక్స్-కిరణాలను మైలుతుత్తం స్ఫటికం గుండా పంపారు. వెనుక ఉంచిన ఫలకంపై ఒక క్రమంలో అమరిన చుక్కలు పడ్డాయి. తరంగాలు మాత్రమే ఇటువంటి వివర్తనాన్ని చూపగలవు. ఒకే ప్రయోగంతో రెండు విషయాలు రుజువయ్యాయి. ఎక్స్-కిరణాలు అతి చిన్న తరంగదైర్ఘ్యం గల తరంగాలు. స్ఫటికంలో పరమాణువులు క్రమమైన వరుసలలో ఉంటాయి. లావేకు 1914లో నోబెల్ బహుమతి లభించింది.

ఇంగ్లాండులో విలియం హెన్రీ బ్రాగ్, ఆయన కుమారుడు లారెన్స్ బ్రాగ్ ఈ చుక్కల నుండి పరమాణువుల వరుసల మధ్య దూరాన్ని లెక్కగట్టే సూత్రాన్ని, పద్ధతిని రూపొందించి 1915లో నోబెల్ బహుమతి పొందారు. అప్పటికి లారెన్స్ వయస్సు 25 సంవత్సరాలు. 1923లో ఆర్థర్ కాంప్టన్ ఎక్స్-కిరణాలు ఎలక్ట్రాన్లను కణాల వలె ఢీకొంటాయని చూపాడు. ఆ విధంగా ఇవి తరంగ, కణ స్వభావాలు రెండూ గలవని తేలింది.

ఉత్పత్తి, చిత్రం ఏర్పడే విధానం

ఆసుపత్రులలోని ఎక్స్-రే గొట్టం 1913లో కూలిడ్జ్ రూపొందించిన నమూనాను అనుసరించినది. ఇందులో వేడెక్కిన టంగ్‌స్టన్ తీగ నుండి ఎలక్ట్రాన్లు వెలువడతాయి. సుమారు 40,000 నుండి 1,50,000 వోల్టుల పీడనం వాటిని అతి వేగంగా ధనధ్రువం వైపు లాగుతుంది. ధనధ్రువం కూడా సాధారణంగా టంగ్‌స్టన్‌దే. ఎలక్ట్రాన్లు దానికి తగిలి హఠాత్తుగా వేగం కోల్పోయినప్పుడు వాటి శక్తిలో సుమారు 1 శాతం మాత్రమే ఎక్స్-కిరణాలుగా మారుతుంది. మిగిలినదంతా వేడి అవుతుంది. 3,400 డిగ్రీల సెల్సియస్‌కు పైబడిన ద్రవీభవన స్థానం ఉన్నందున టంగ్‌స్టన్ ఈ వేడిని తట్టుకోగలదు. దీనితో పాటు, ఢీకొన్న పరమాణువు లోపలి కక్ష్యలలో ఖాళీ ఏర్పడి, పై కక్ష్యలోని ఎలక్ట్రాన్ అక్కడికి దిగినప్పుడు కూడా ఎక్స్-కిరణం పుడుతుంది. దాని శక్తి ఏ మూలకానికి ఆ మూలకానికి ప్రత్యేకం. వీటిని అభిలాక్షణిక ఎక్స్-కిరణాలు అంటారు. గామా కిరణాలు పరమాణు కేంద్రకం నుండి వస్తాయి. ఈ రెండింటికీ ప్రధాన భేదం పుట్టుకలోనే ఉంది.

ఎక్స్-రే చిత్రం నిజానికి ఒక నీడ. పరమాణు సంఖ్య ఎక్కువైన మూలకాలు ఈ కిరణాలను ఎక్కువగా శోషిస్తాయి. కండరంలో ప్రధానంగా ఉండే హైడ్రోజన్, కార్బన్, ఆక్సిజన్‌ల పరమాణు సంఖ్యలు 1, 6, 8. ఎముకలోని కాల్షియం పరమాణు సంఖ్య 20. అందువల్ల ఎముక వెనుక ఫలకంపై తక్కువ కిరణాలు పడి ఆ భాగం తెల్లగా మిగులుతుంది. గాలితో నిండిన ఊపిరితిత్తులు నల్లగా కనిపిస్తాయి. పరమాణు సంఖ్య 82 గల సీసం కిరణాలను బాగా ఆపుతుంది కాబట్టి రక్షణ కవచాలకు వాడతారు.

తెలుగు ప్రాంతాలలో

భారతదేశంలో 1890ల చివరలోనే కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ ఎక్స్-కిరణాలను ఉత్పత్తి చేశాడు. కోస్తా, రాయలసీమ జిల్లాలు భాగంగా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో, మద్రాసు జనరల్ ఆసుపత్రికి చెందిన బర్నార్డ్ రేడియాలజీ సంస్థ 1934లో ప్రారంభమైంది.

మదనపల్లె సమీపంలో ఆరోగ్యవరంగా ప్రసిద్ధి చెందిన క్షయ చికిత్సాలయం 1915లో నెలకొన్నది. 1950-55 మధ్య అక్కడి వైద్యుడు ఫ్రిమాట్ మోలర్ బృందం చుట్టుపక్కల గ్రామాలలో ప్రజలకు ఎక్స్-రేలు తీసి, పల్లెలలో క్షయ ఎంత మేరకు వ్యాపించినదో అధ్యయనం చేసింది. జబ్బు ముదిరి ఆసుపత్రికి వచ్చేవారిని మాత్రమే కాక, తమకు జబ్బున్నట్లు తెలియనివారిని కూడా గుర్తించడానికి ఎక్స్-కిరణాలు ఉపయోగపడిన సందర్భమిది.

పరిశోధన రంగంలో స్వామి జ్ఞానానంద (1896-1969) పేరు పేర్కొనదగినది. పశ్చిమ గోదావరి ప్రాంతపు గొరగనమూడిలో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజుగా జన్మించిన ఈయన ప్రాగ్ నగరంలోని చార్లెస్ విశ్వవిద్యాలయంలో ఎక్స్-కిరణ వర్ణపట శాస్త్రంలో పరిశోధన చేశాడు. తరువాత విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కేంద్రక భౌతిక శాస్త్ర పరిశోధనకు పునాది వేశాడు.

ఉపయోగాలు: మేడ్చల్, శామీర్‌పేట పరిసరాలు

హైదరాబాదు ఉత్తర శివార్లలోని మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలు 2016 అక్టోబరు 11 వరకు రంగారెడ్డి జిల్లాలో ఉండి, ఆ రోజున ఏర్పడిన మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలో చేరాయి. నాగపూరు రహదారి మేడ్చల్ మీదుగాను, కరీంనగర్ రహదారి శామీర్‌పేట మీదుగాను పోతాయి. ఎక్స్-కిరణాల ప్రధాన ఉపయోగాలు మూడింటికీ ఈ పరిసరాలలో ఉదాహరణలు ఉన్నాయి.

వైద్యం: మేడ్చల్ మండలం ఘనపూర్‌లో మెడిసిటీ వైద్య కళాశాల, దాని ఆసుపత్రి ఉన్నాయి. విరిగిన ఎముకలు, ఊపిరితిత్తుల వ్యాధులు, పంటి సమస్యలు మొదలైన వాటికి ఎక్స్-రే ప్రాథమిక పరీక్ష. క్షయ విషయంలో ఛాతీ ఎక్స్-రే అనుమానాన్ని మాత్రమే తెలుపుతుంది. నిర్ధారణకు కళ్ళె పరీక్ష అవసరం. 2024 డిసెంబరు 7న దేశంలో ప్రారంభమైన నూరు రోజుల క్షయ నిర్మూలన కార్యక్రమంలో చేతితో మోసుకుపోగల ఎక్స్-రే యంత్రాలను కూడా వాడారు. 1971లో ఇంగ్లాండులో మొదటి రోగికి వాడిన సి.టి. స్కాన్ కూడా ఎక్స్-కిరణాలతోనే పని చేస్తుంది. ఒకే దిక్కు నుండి తీసిన నీడలో ఎముక వెనుక ఉన్నది కనబడదు. సి.టి.లో అనేక దిక్కుల నుండి తీసిన కొలతలను కంప్యూటరు కూర్చి అడ్డుకోత చిత్రాన్ని తయారు చేస్తుంది.

ఔషధాలు: శామీర్‌పేట దాటిన తరువాత తుర్కపల్లి పరిసరాలలో జీనోమ్ వ్యాలీ విస్తరించి ఉంది. ఔషధ తయారీలో ఎక్స్-కిరణ వివర్తనం అవసరమైన పరీక్ష. ఒకే ఔషధ అణువు రెండు మూడు రకాల స్ఫటికాలుగా ఏర్పడవచ్చు. అణువు ఒకటే అయినా ఒక రకం నీటిలో తేలికగా, మరొకటి కష్టంగా కరుగుతాయి. కరగని మందు శరీరానికి అందదు. 1998లో ఎయిడ్స్ చికిత్సలో వాడే రిటోనావిర్ అనే మందులో ఇటువంటి కొత్త స్ఫటిక రూపం అనుకోకుండా ఏర్పడినందున దాని గొట్టపు మాత్రలను బజారు నుండి ఉపసంహరించవలసి వచ్చింది. పొడిపై ఎక్స్-కిరణాలను ప్రసరింపజేసి, వివర్తన రేఖలను చూసి ఏ రూపమో గుర్తిస్తారు. అణువులు స్ఫటికంగా ఎలా కూడుకుంటాయన్న విషయంపై హైదరాబాదు విశ్వవిద్యాలయంలో గౌతమ్ దేశిరాజు చేసిన పరిశోధన అంతర్జాతీయ గుర్తింపు పొందింది.

భద్రత, పరిశ్రమ: ఇదే జిల్లాలోని కాప్రా ప్రాంతంలో 1967లో నెలకొన్న ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (ఇ.సి.ఐ.ఎల్.) ఉంది. ఈ సంస్థ భాగస్వామ్యంతో ఏర్పడిన ఇ.సి.ఐ.ఎల్.-రాపిస్కాన్ విమానాశ్రయాలు మొదలైన చోట్ల సామానును తనిఖీ చేసే ఎక్స్-రే యంత్రాలను అందిస్తుంది. లోహపు పోతలలోను, అతుకులలోను లోపలి పగుళ్ళను వస్తువును కోయకుండానే కనుగొనడానికి కూడా పరిశ్రమలలో ఈ కిరణాలను వాడతారు.

ప్రమాదాలు, రక్షణ

ఎక్స్-కిరణాలు పరమాణువుల నుండి ఎలక్ట్రాన్లను వేరు చేయగలవు. దీనిని అయనీకరణం అంటారు. జీవకణంలోని డి.ఎన్.ఎ.కు ఈ విధంగా హాని కలిగితే అది కాన్సర్‌కు దారితీసే అవకాశం ఉంది. తొలి రోజులలో ఈ విషయం తెలియక అనేకులు నష్టపోయారు. థామస్ ఆల్వా ఎడిసన్ సహాయకుడు క్లారెన్స్ డాలీ గొట్టాలను పరీక్షించడానికి తన చేతులనే పదే పదే కిరణాలకు ఎదురుగా ఉంచేవాడు. చేతులు తొలగించవలసి వచ్చి, చివరికి 1904లో కాన్సర్‌తో మరణించాడు. ఎడిసన్ ఈ పరిశోధనను వదిలివేశాడు.

శరీరానికి అందిన మోతాదును మిల్లీసీవర్ట్‌లలో కొలుస్తారు. ఒక ఛాతీ ఎక్స్-రేలో అందే మోతాదు సుమారు 0.02 నుండి 0.1 మిల్లీసీవర్ట్. నేల, గాలి, ఆహారం, అంతరిక్షం నుండి సహజంగా ప్రతి మనిషికీ ఏడాదికి ప్రపంచ సగటున అందేది సుమారు 2.4 మిల్లీసీవర్ట్‌లు. ఛాతీ సి.టి. స్కాన్‌లో సుమారు 6 లేదా 7 మిల్లీసీవర్ట్‌లు అందవచ్చు. కాబట్టి అవసరమైన ఎక్స్-రేకు భయపడి మానుకోవడం ఎంత తప్పో, అవసరం లేని స్కాన్లను పదే పదే తీయించుకోవడం కూడా అంతే తప్పు.

భారతదేశంలో ఎక్స్-రే పరికరాలపై నియంత్రణాధికారం 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలిది. 2004 నాటి వికిరణ రక్షణ నిబంధనల ప్రకారం ఎక్స్-రే కేంద్రాలు అనుమతి పొందవలసి ఉంటుంది. అక్కడ పనిచేసే సిబ్బందికి ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, సాధారణ ప్రజలకు వైద్య పరీక్షలు కాక ఏడాదికి 1 మిల్లీసీవర్ట్ పరిమితులుగా ఉన్నాయి. సిబ్బంది ధరించే చిన్న బిళ్ళ వారికి అందిన మోతాదును నమోదు చేస్తుంది.

పరీక్షకు వెళ్ళేవారు పాటించవలసినవి:

* గర్భవతులు, గర్భం ఉందేమోనన్న అనుమానం ఉన్నవారు ముందుగానే ఆ సంగతి చెప్పాలి.
* పాత ఎక్స్-రేలు, స్కాన్లు ఉంటే వెంట తీసుకువెళ్ళాలి. కొన్నిసార్లు కొత్తది తీయనవసరం ఉండదు.
* రోగితో వచ్చినవారు గది బయట ఉండాలి. చిన్న పిల్లలను పట్టుకోవలసి వస్తే సీసపు కవచం అడిగి వేసుకోవాలి.

అపోహలు

ఎక్స్-రే తీసిన తరువాత కిరణాలు శరీరంలో ఉండిపోతాయని కొందరు భావిస్తారు. ఇది నిజం కాదు. యంత్రాన్ని ఆపగానే, దీపం ఆర్పితే వెలుగు పోయినట్లే, కిరణాలు లేకుండా పోతాయి. ఎక్స్-రే తీయించుకున్న మనిషి వల్ల పక్కవారికి ప్రమాదం లేదు.

అన్ని స్కాన్లలోను ఎక్స్-కిరణాలే వాడతారన్నది మరొక అపోహ. ఎమ్.ఆర్.ఐ.లో అయస్కాంత క్షేత్రం, రేడియో తరంగాలు, అల్ట్రాసౌండ్‌లో ధ్వని తరంగాలు వాడతారు.

సూర్యగ్రహణాన్ని పాత ఎక్స్-రే ఫిల్ము గుండా చూడవచ్చునన్న నమ్మకం తెలుగునాట చాలాకాలంగా ఉంది. ఫిల్ము వెలుగును తగ్గించినట్లు కనిపించినా, కంటికి కనిపించని పరారుణ కిరణాలను తగినంతగా ఆపదు. వెలుగు తగ్గినందున కన్ను చికిలించకుండా ఎక్కువ సేపు చూడడం వల్ల కంటి లోపలి పొరకు శాశ్వతమైన హాని కలుగుతుంది. గ్రహణం చూడడానికి ప్రత్యేకంగా తయారైన కళ్ళజోళ్ళను మాత్రమే వాడాలి.